మైనర్ చిన్న విషయమేనా?

చిల్లకూరు నుండి అమ్మాయిని డిగ్రీకి పంపవలసి వస్తే మనం ముందుగా ఆలోచించేది గూడూరు బస్సు గురించి, ఆమె తిరిగివచ్చే వేళ గురించి. మేజర్ ఏదని కూడా విచారిస్తాము. మైనర్ సంగతి మాత్రం అడగము. పెళ్ళినాటికి పట్టా చేతికొస్తే చాలని సులువైనదానికి సంతకం పెట్టేస్తాము.

2023-24 విద్యాసంవత్సరంలో మన రాష్ట్రంలో డిగ్రీకి ఒకే మేజర్, దానికి తోడుగా ఒక మైనర్ అనే విధానం వచ్చింది. ఆ విధానంలో కామర్స్ విద్యార్థిని సైతం ఆంగ్లసాహిత్యాన్నో చరిత్రనో ఎంచుకోవచ్చు. అయితే ఆ కళాశాలలో దానిని బోధిస్తున్నారో లేదో ముందే కనుక్కోవాలి.

ఇంగ్లీషు తీసుకుంటే గడగడా మాట్లాడుతుందనే ఆశ మన ఇళ్ళలో బలంగా ఉంది. కానీ అక్కడ చదివించేది కవిత్వం, నాటకం, నవల. సంభాషణకు వేరే సాధన కావాలి. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, కళాశాలలో ఆంగ్లం — ఈ మూడింటి నడుమ నలిగే బిడ్డకు కథలపై మక్కువ ఉంటేనే అది కలిసివస్తుంది, లేకుంటే మోయలేని బరువే. గ్రూప్స్ పరీక్షలపై మనసున్నవారికి చరిత్ర, రాజనీతిశాస్త్రం మేలని మా అభిప్రాయం. ఆ సిలబస్‌లో ఆ రెండూ ఉన్నాయి.

దరఖాస్తు నింపే ముందు అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగండి: ఎవరూ చెప్పకుండానే నీవు చివరిదాకా చదివిన పుస్తకం ఏది?