వార్తల్లో పదం: బహిరంగ ఆయుధధారణ

తుపాకిని దాచక, నలుగురికిని కనబడునట్లు ధరించి సంచరించుటయే బహిరంగ ఆయుధధారణ. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రము పిస్తోలును ఒరలో ఉంచి ఇట్లు ధరించుటకు 2016లో లైసెన్సుదారులకును, 2021 సెప్టెంబరు నుండి 21 ఏండ్లు నిండిన అర్హులకును లైసెన్సు లేకయే అనుమతి నొసంగినది. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టముననుసరించి తుపాకి కలిగియుండుట ప్రభుత్వానుమతికి లోబడినదే గాని జన్మహక్కు గాదు. 2016 నాటి నియమావళి బహిరంగస్థలములలో దానిని ఝళిపించుటను నిషేధింపగా, 2019 సవరణ వేడుకలలో నిర్లక్ష్యముగా కాల్చి పరుల ప్రాణములకు ముప్పు తెచ్చువారికి రెండేండ్ల వరకు కారాగారమును, లక్ష రూపాయల వరకు జరిమానాను, లేదా రెంటిని విధించినది.

బాలాపూరు గణపతి నిమజ్జనమునకై హుస్సేన్‌సాగరమునకు తరలునాడు, పసిబిడ్డల నెత్తుకొని వచ్చు ఆ జనసందోహమున ఒక సామాన్యుని నడుమున తుపాకి కనబడినచో ఎవ్వరికి ధైర్యము కలుగును? భయమే కలుగును, ఆ భయము న్యాయమైనదే. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ విపణిలో జరిగిన కాల్పులలో హతులైన ఎనిమిదిమందిలో ఒక తెలుగు యువతియు నుండెను. తుపాకిని ప్రతిష్ఠాచిహ్నముగా నెంచు మోహమును మనవారు విడనాడవలెను.