నికాహ్‌నామాలో మహర్: వ్రాసేముందు తెలుసుకోవలసినవి

మన ఇళ్ళలో వివాహం కుదిరినప్పుడు విందు వంటకాలపై జరిగినంత చర్చ నికాహ్‌నామాపై జరగదు. ఖాజీగారు చూపిన చోట సంతకం చేయడంతో ఆ పత్రం పని ముగిసిందని భావిస్తాము. నిజానికి వధువు ఆస్తి హక్కుకు బలమైన ఆధారం ఆ కాగితమే.

పెళ్ళికి ముందు ఆస్తి విషయాలు వ్రాసుకోవడం పాశ్చాత్యుల అలవాటని కొందరు అనుకుంటారు. కాని షరీఅత్ దృష్టిలో నికాహ్ ఆదినుంచీ ఒక ఒడంబడికే. మహర్‌ను స్త్రీలకు మనస్ఫూర్తిగా ఇవ్వమని అన్నిసా సూరా 4వ ఆయతు ఆదేశిస్తున్నది. అది పూర్తిగా ఆమె సొత్తు. పుట్టింటివారిదీ కాదు, అత్తింటివారిదీ కాదు. మహర్ ఉండదని ముందే ఒప్పుకున్నా, ఆమె కుటుంబ స్త్రీలకు లభించినదాన్ని బట్టి తగిన మహర్ పొందే హక్కు ఆమెకు ఉంటుంది.

మహర్ రెండు విధాలు. భార్య అడిగిన వెంటనే చెల్లించవలసినది ఒకటి. తలాఖ్ లేదా మరణంతో వివాహబంధం ముగిసినప్పుడు చెల్లించవలసినది మరొకటి. ఉర్దూ ఉచ్చారణలో రెండూ 'ముఅజ్జల్' అనే వినిపిస్తాయి; వ్రాతలో మాత్రమే తేడా. కనుక ఎంత మొత్తం, ఎప్పుడు చెల్లించాలి అనేవి విడమరచి వ్రాయించాలి. ఏళ్ళు గడిచేకొద్దీ రూపాయి విలువ తరుగుతుంది కాబట్టి, తరువాత చెల్లించే మహర్‌ను బంగారం తూకంలో నిర్ణయించుకోవడం మేలు.

మన చట్టాలు కూడా ఈ హక్కుకు అండగా ఉన్నాయి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం మహర్‌ను కట్నంగా పరిగణించదు. వధూవరులకు అందిన కానుకల జాబితాలు వ్రాసి, సంతకాలు చేసి ఉంచుకోవాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి మహర్‌తో పాటు, పెళ్ళికి ముందు, పెళ్ళిలో, ఆ తరువాత బంధువులూ భర్తా ఇచ్చిన ఆస్తులన్నీ చెందుతాయని 1986 చట్టం స్పష్టం చేసింది. అవి అందకపోతే ఆమె మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

వితంతువు విషయంలో మన సమాజం మరింత జాగ్రత్త వహించాలి. జనాజా లేవకముందే 'మహర్ మాఫ్ చేశాను' అనిపించాలని బంధువులు ఆమెను తొందరపెట్టడం పలుచోట్ల ఆచారంగా మారింది. దుఃఖంలో ఉన్న స్త్రీచేత ఒత్తిడితో పలికించిన మాఫీ నిజమైన మాఫీ కాదు. మహర్ భర్తపై ఉన్న అప్పు. వారసులు ఆస్తి పంచుకోవడానికి ముందే దానిని తీర్చాలి. భర్త ఆస్తి న్యాయబద్ధంగా తన స్వాధీనంలో ఉంటే, మహర్ ముట్టేవరకు వితంతువు దానిని అట్టిపెట్టుకోవచ్చని ప్రీవీ కౌన్సిల్ 1925లోనే తీర్పు చెప్పింది. అయితే దానిని అమ్మే అధికారం ఆమెకు ఉండదు.

ఆడపిల్లల తల్లిదండ్రులను మేము కోరేది ఇంతే: సంతకానికి ముందు నికాహ్‌నామాను అమ్మాయికి చదివి వినిపించండి, ఒక ప్రతిని ఆమె చేతికే ఇవ్వండి. మహర్ గురించి అడగడం అపనమ్మకం కాదు. అప్పును వ్రాసి ఉంచుకొమ్మని అల్‌బఖరా సూరా 282వ ఆయతు బోధిస్తున్నది. మహర్ కూడా అప్పే కదా!