పాతరలోని పులుపు, పశువు కడుపులోని పులుపు

చింతపండు పులుపునకును, నిమ్మపండు పులుపునకును, పెరుగు పులుపునకును గల భేదమును మన ఇంటి ఆడువారు నాలుకతోనే చెప్పగలరు. ఆ భేదము వట్టి రుచిభేదము కాదు; చింతపండులో టార్టారిక్ ఆమ్లమును, నిమ్మలో సిట్రిక్ ఆమ్లమును, పెరుగులో లాక్టిక్ ఆమ్లమును ప్రధానముగా నుండును. షీలే అను స్వీడను దేశపు రసాయనవేత్త పుల్లపాలనుండి లాక్టిక్ ఆమ్లమును 1780లోను, నిమ్మరసమునుండి సిట్రిక్ ఆమ్లమును 1784లోను వేరుపరచెను. చింతయు నిమ్మయు తమ ఆమ్లమును తామే చేసికొనును. పెరుగులోనిది అట్లు కాదు. తోడుతో చేరిన సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని దానిని చేయును. పశువులు గల రైతునకు ముఖ్యముగా తెలియవలసినది ఈ ఆమ్లమే.

తోడుపెట్టిన పాలు కుళ్లిపోక నిలుచుటకు కారణము, ఆ పులుపులో కుళ్లుపెట్టు జీవులు పెరుగలేకపోవుటయే. పచ్చిమేతను పాతరవేయుటలోని రహస్యమును ఇంతే. జొన్ననుగాని మొక్కజొన్ననుగాని గింజ పాలు పోసికొని గట్టిపడు తరుణమున కోసి, అంగుళపు ముక్కలుగా నరికి, పొరలు పొరలుగా గట్టిగా త్రొక్కి, గాలి చొరకుండ మూయవలెను. గాలి లేనిచోట లాక్టిక్ సూక్ష్మజీవులు పైరులోని తీపిని పులుపుగా మార్చును. పులుపును కొలుచుటకు పీహెచ్ అను కొలత కలదు. మంచినీటికి అది 7, పులుపు హెచ్చినకొలది దిగును. పాతరలో అది 4 ప్రాంతమునకు దిగెనా, తెరువనంతకాలము మేత చెడదు.

మేము ఒక గ్రామమున చూపుటకై వేయించిన మొదటి పాతర చెడిపోయినది. వానలో తడిసిన చొప్పను ఆరనీయక త్రొక్కించితిమి, తప్పు మాదే. తెరచునప్పటికి ముక్కిన వెన్నకంపు కొట్టెను, ఎద్దులు మూతి పెట్టలేదు. ఆ కంపు బ్యూటిరిక్ ఆమ్లపు కంపు. తడి మిక్కుటమైనచో వేరొకజాతి సూక్ష్మజీవులు తలయెత్తి, లాక్టిక్ ఆమ్లమునే తిని బ్యూటిరిక్ ఆమ్లముగా మార్చును, మేతలోని మాంసకృత్తులను గూడ పాడుచేయును. నాటినుండి మేము నరికిన మేతను పిడికిట పట్టి పిండి చూతుము. రసము కారినయెడల ఒకపూట వాడనిత్తుము. నూరుపాళ్లలో 30 మొదలు 35 పాళ్లు ఎండుభాగముండుట మేలు. అలసంద, పిల్లిపెసర వంటివానిలో తీపి తక్కువ గనుక వానిని జొన్నతో కలిపి వేయవలెను, లేదా బెల్లపునీరు చిలుకరింపవలెను.

ఇక ఆవు కడుపు. గడ్డిలోని నారను ఆవు తానుగా అరిగించుకొనలేదు. దాని మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ఆ నారను విరిచి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లములుగా చేయును. అవి పొట్టగోడగుండ నెత్తురులో చేరును. పశువునకు కావలసిన శక్తిలో సుమారు 70 పాళ్లు వీనివలననే వచ్చును. పాతరలో మనము తిట్టిన బ్యూటిరిక్ ఆమ్లము ఇచ్చట ఆహారమే! ఎసిటిక్ ఆమ్లమునుండి పాలలోని వెన్న పుట్టును. నారగల మేతవలన అది హెచ్చుగా కలుగును. కావున దాణా పెంచినను వెన్న తగ్గుచున్నదని చెప్పు రైతును మేము ముందుగా గడ్డి ఎంత వేయుచున్నావని అడుగుదుము.

పాతరను కాపాడిన లాక్టిక్ ఆమ్లమే ఈ పొట్టలో మితిమీరినచో ప్రాణము తీయును. పెండ్లిలో మిగిలిన అన్నము గోలెములో కుమ్మరించుటయు, కట్టు తెంచుకొనిన పశువు కళ్లములో ధాన్యపురాశిపై పడుటయు మన గ్రామములలో క్రొత్తవి కావు. అలవాటులేని గింజయు అన్నమును ఒక్కమారుగా పడినప్పుడు లాక్టిక్ సూక్ష్మజీవులు విజృంభించును. ఎసిటిక్ ఆమ్లముకంటె లాక్టిక్ ఆమ్లము పలురెట్లు తీవ్రమైనది. మామూలుగా 6కును 7కును నడుమనుండు పొట్టలోని పీహెచ్ 5కు దిగువకు పోవును. పశువు నెమరు మానును, పొట్ట బిగియును, పేడ పలుచనై పుల్లని వాసన కొట్టును, నడక తూలును, తుదకు లేవలేక పడును. దిష్టి తగిలినదని ఊరుకొనిన ఒక్క రాత్రిలో చేజారవచ్చును. మిగిలిన గింజను తక్షణమే తీసివేసి, పశువు తిన్న సంగతిని, తిన్న వేళను పశువైద్యునకు చెప్పి పిలిపింపవలెను. పులుపును విరుచుటకు వారు వంటసోడా మున్నగువానిని తగిన మోతాదున ఇత్తురు. పడియున్న పశువు నోట మనము ఏదియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. మిగులు అన్నము పెట్టియే తీరవలెనన్న, ముందు కడుపునిండ గడ్డి మేపి, పిమ్మట పిడికెడు రెండు పిడికిళ్లు మాత్రము పెట్టుడు.