బస్సులో అవధానం

విహారయాత్రకు ముందునాటి రాత్రి పిల్లలకు నిద్ర పట్టదు; ఉపాధ్యాయునికీ పట్టదు. పిల్లల మెలకువకు ఉత్సాహం కారణం. ఉపాధ్యాయుని మెలకువకు బస్సు కారణం. గండికోట చేరిన తరువాత ఏమి చూపవలెనో ఆయనకు తెలుసును. చేరేవరకు నలుబదిమంది పిల్లలను ఎట్లు కూర్చుండబెట్టవలెనో ఏ పాఠ్యప్రణాళికలోను వ్రాసి ఉండదు. బయలుదేరిన పావుగంటకు పాటలు అయిపోతవి. అరగంటకు చిత్రాన్నం పొట్లాలు విప్పుతారు. ముప్పావుగంటకు కిటికీ ప్రక్క చోటుకై తగవు మొదలవుతుంది. ఆ మీదట వినిపించేది ఒకటే కేక: "నోరు మూసుకొని కూర్చోండి!"

ఈ కాలాన ఆ కేకకు కూడ పని తగ్గింది. సెల్‌ఫోను చేతికిస్తే పిల్లవాడు తనంతట తానే నోరు మూసుకొంటాడు. అయితే బస్సు పెన్న దాటిన సంగతి గాని, ఎర్రనేల పోయి నల్లరేగడి వచ్చిన సంగతి గాని వానికి తెలియదు. బయలుదేరిన ఊరు, చేరిన ఊరు తప్ప నడిమి లోకం వాని కంటబడదు. అటువంటప్పుడు యాత్రలో సగం ఇంటివద్దనే విడిచి వచ్చినట్లు గదా!

కేకకు, సెల్‌ఫోనుకు నడుమ మూడవ త్రోవ ఒకటి ఉన్నది. దానికి ఖర్చు లేదు, సామగ్రి లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలు దానిని వెదకుటకు దూరం పోనక్కర లేదు. అది వారి తాతల నాటి నుండి వారి సీమలోనే ఉన్నది. అదే అవధాన విద్య.

జమ్మలమడుగు ప్రాంతంలో జన్మించి, ప్రొద్దుటూరును తమ సాహిత్యక్షేత్రంగా చేసికొన్న జంట దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి. వీరిరువురు కలిసి అవధానాలు చేసినారు. తరువాత విడివిడిగా ఒకరు రాణాప్రతాపసింహ చరిత్రను, మరొకరు శివభారతాన్ని రచించి ప్రసిద్ధులైనారు. ఆ పిమ్మట ప్రొద్దుటూరు సి.వి. సుబ్బన్న శతావధాని ఈ విద్యను సాధించుటయే గాక, దాని ఆరంభ వికాసాలను గూర్చి గ్రంథం కూడ వ్రాసినారు. ఒక్క సీమకు ఇందరు శతావధానులు దొరకుట సామాన్య విషయం కాదు.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది విధాల పరీక్షిస్తారు. ఒకరు సమస్య ఇస్తారు; ఒకరు అక్షరాన్ని నిషేధిస్తారు; ఒకరు లెక్క తప్పించుటకు గంట కొడుతుంటారు; ఒకరు అప్రస్తుత ప్రసంగంతో మనసు మళ్లించ చూస్తారు. ఇన్నింటి నడుమ అవధాని చిత్తం చెదరనీయడు. బస్సులో పిల్లవాని పరిస్థితియు ఇంచుమించు ఇదే. హారను మ్రోగుతుంది, గుంతలలో చక్రం ఎగురుతుంది, వెనుక వరుసవాడు చొక్కా లాగుతాడు. అప్రస్తుత ప్రసంగికి కొదువ లేదు. అవధాన సభకు కావలసిన అలజడి అంతయు బస్సులో ఉచితంగా దొరుకుతుంది. ఉపాధ్యాయుడు చేయవలసినదల్లా ఆ అలజడిని ఆటగా మార్చుటయే.

పద్యం అల్లనక్కర లేదు

పిల్లలు ఛందస్సు నేర్వలేదని జంకనక్కర లేదు. ఒక్కొక్క అంశాన్ని వచనానికి దించుకొంటే చాలును.

నిషిద్ధాక్షరిని చూడండి. అయ్యవారు 'న' అక్షరాన్ని నిషేధించి, పెన్నానదిని వర్ణింపుమంటారు. పిల్లవాడు తెల్లబోతాడు, నదిని నది అనుటకు వీలు లేదు, దాని పేరు పలుకుటకు అంతకన్న వీలు లేదు! "ఇది ఏరు, ఇసుక ఎక్కువ, తడి తక్కువ" అని వాడు తడుముకొంటూ అన్నాడనుకొనుడు. బస్సంతా చప్పట్లు కొడుతుంది. నందికొండలలో పుట్టి నెల్లూరు సీమలో సముద్రాన్ని చేరే ఆ నదిని గూర్చి పాఠ్యపుస్తకం చెప్పని సత్యం ఆ పిల్లవాడు రెండు ముక్కలలో చెప్పినాడు.

దత్తపదికి నాలుగు మాటలు చాలును. బండి, కొండ, గండి, ఎండ అని ఇస్తే, "ఎండలో బండి కొండ దిగి గండి చేరింది" అని ఒకరు కూర్చుతారు. అవే మాటలతో మరియొకరు మరియొక వాక్యం చెప్పవలె. ముందు చెప్పినది మరల చెప్పరాదు. నాలుగవ పిల్లవాని వంతు వచ్చేసరికి మాటల వరుస మారి, కథ పుట్టడం మొదలవుతుంది.

వ్యస్తాక్షరిలో ఊరి పేరును విడగొట్టి, వరుస తప్పించి అందిస్తారు. "అయిదవ అక్షరం డు" అని ఒకసారి, మరి కొంతదూరం పోయిన తరువాత "రెండవది మ్మ" అని ఒకసారి, ఇట్లు నడుమ నడుమ వేరు మాటలు కలుపుతూ ఆరు అక్షరాలు ఇచ్చినచో, పిల్లలు మనసులోనే పేర్చుకొని జమ్మలమడుగును పట్టుకోవలె. చిన్న తరగతులకు నాలుగక్షరాల ప్రొద్దుటూరు, అయిదక్షరాల పులివెందుల సరిపోతవి.

ఘంటాగణనం అన్నింటికన్న రమ్యం. ఒక పిల్లవాడు సీటు కమ్మిపై తోచినప్పుడెల్లా ఒక్క దెబ్బ కొడుతుంటాడు. తక్కినవారు మాటాడుతూ, నవ్వుతూ, ఇతర ఆటలాడుతూనే ఆ దెబ్బలను మనసులో లెక్కపెట్టుకోవలె. ఊరు చేరిన తరువాత ఎన్ని అని అడుగుతారు. ఇతర ఆటలలో వెనుకబడే పిల్లలు పెక్కుమంది ఇందులో ముందుంటారు.

గొలుసు మాటలు

అంత్యాక్షరి అనగానే సినిమా పాటలే గుర్తుకు వచ్చుట మన అలవాటు. పాటల బదులు ఊళ్ల పేర్లతో ఆడితే అదే ఆట భూగోళ పాఠం అవుతుంది. చివరి హల్లును పట్టుకొని తరువాతి పేరు చెప్పవలె. గుణింతం ఏదైనను సరే. సంయుక్తాక్షరమైతే మొదటి హల్లు, సున్నతో ముగిస్తే 'మ'. కడప, పులివెందుల, లింగాల, లేపాక్షి, కమలాపురం, ముద్దనూరు, రాజంపేట, టంగుటూరు... ఇట్లు గొలుసు సాగుతుంది. సందేహం వస్తే ఆ ఊరు ఎక్కడ ఉన్నదో చెప్పినవాడే ఋజువు చేయవలె.

ఈ విధమైన ఆట మనకొక్కరికే సొంతం కాదు. ఉర్దూ మాటాడే ఇండ్లలో 'బైత్ బాజీ' అని కవితా పాదాల పందెం ఉన్నది. ప్రొద్దుటూరు బస్సులో ఉర్దూ పిల్లలు తప్పక ఉంటారు. ఒక వంతు వారి భాషలో సాగనిస్తే తక్కినవారికి నాలుగు కొత్త మాటలు వస్తవి. కేరళీయులకు అక్షరశ్లోకం ఉన్నది. జపాను పిల్లల 'శిరితోరి' కూడ చివరి అక్షరపు ఆటయే; 'న్' అనే ధ్వనితో ముగిసే మాట చెప్పినవాడు అందులో ఓడిపోతాడు, ఏలననగా వారి భాషలో ఆ ధ్వనితో మొదలయ్యే మాట లేదు.

కిటికీయే నల్లబల్ల

ఈ ఆటలన్నియు నోటితో, చెవితో ఆడేవే. ఇందుకొక కారణం ఉన్నది. కదలే బస్సులో పుస్తకం చదివినా, వ్రాసినా కొందరికి వాంతి వస్తుంది. లోచెవి శరీరం కదలుతున్నదని చెబుతుంది. పుటపై నిలిచిన కన్ను కదలుట లేదని చెబుతుంది. ఆ రెండు సాక్ష్యాలు కుదరనందున తల తిరుగుతుంది. చూపును దూరాన నిలిపితే ఈ బాధ తగ్గుతుంది. కాబట్టి కన్నులకు కిటికీయే తగిన చోటు.

కిటికీలో ఆటలకు తక్కువ లేదు. దారి ప్రక్క కిలోమీటరు రాళ్లను చూడుడు. రాతి తల పసుపైతే అది జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి. ఒక రాతి నుండి మరియొక రాతికి ఎన్ని సెకండ్లు పట్టినదో లెక్కించి, 3600ను ఆ సంఖ్యతో భాగిస్తే గంటకు బస్సు ఎన్ని కిలోమీటర్లు పోవుచున్నదో తేలుతుంది. 90 సెకండ్లు పడితే వేగం 40. 72 పడితే 50. వేగాన్ని గూర్చిన లెక్కలంటే భయపడే పిల్లవాడు కూడ, డ్రైవరు ముందున్న ముల్లుతో తన జవాబు సరిపోయినప్పుడు పొంగిపోతాడు. పెద్ద తరగతివారు ఆ రాతిపైనే పొడుపుకథ కట్టవచ్చును: "కాళ్లు లేవు, దారి పొడుగునా నిలుచున్నాడు; నోరు లేదు, ఊరి దూరం చెబుతాడు."

రాళ్లకు మరియొక కథ ఉన్నది. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప సీమ శిలల పొరలను వింగడించి, కొన్నింటికి గండికోట, పులివెందుల అనే పేర్లే పెట్టినారు. మన ఊళ్ల పేర్లు ఆ శాస్త్ర గ్రంథాలలో ఉన్నవని చెప్పి, జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరాన పెన్న కోసిన ఆ ఎర్రని లోయను చూపిస్తే, పిల్లలు దానిని మరచిపోరు. 1652లో తవెర్నియె అనే ఫ్రెంచి వర్తకుడు గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిసికొన్నాడు. "ఆయనకు బస్సు లేదు, ఏమి చూస్తూ వచ్చి ఉంటాడు?" అని అడిగి, కిటికీలో కనిపించే వానిలో ఆ నాడు లేనివి ఏవో ఏరుమంటే, ముద్దనూరు దాటి పులివెందుల చేరేవరకు ఆ ఒక్క ఆటయే సరిపోతుంది. కరెంటు స్తంభాలు, సిమెంటు, వేరుసెనగ కూడ జాబితాలో చేరుతవి. వేరుసెనగ దక్షిణ అమెరికా నుండి వచ్చిన పంట అని ఆ సందర్భంలోనే చెప్పవచ్చును.

గవ్వలు, గింజలు కావలసిన ఆటలు బస్సులో పనికిరావు. మొదటి మలుపులోనే దొర్లిపోతవి. వానిని విడిదికి దాచవలె. లోయ అంచుకు దూరంగా, చెట్టు నీడను, బండపై సుద్దతో 23 కూడళ్ల పటం గీసి, 3 పులులు, 15 మేకలు పెట్టినచో పులిజూదం సిద్ధమవుతుంది.

మూడు నియమాలు

ఆట ఏదైనను మూడు నియమాలు విడువరాదు. మొదటిది, అయ్యవారు చేయి ఎత్తగానే మౌనం. డ్రైవరుకు వెనుక వాహనాల హారను వినబడవలె గదా. రెండవది, ఎవరును లేచి నిలువరాదు, తల గాని చేయి గాని కిటికీ బయట పెట్టరాదు. మూడవది, తప్పినవారిని ఆట నుండి వెళ్లగొట్టరాదు. తప్పినవాడు తరువాతి ఆటకు పృచ్ఛకుడు కావలె.

ఈ మూడవ నియమమే కీలకం. సాధారణంగా ఓడిన పిల్లవాడు మూలకు పోయి కూర్చుంటాడు. నలుగురు చురుకైనవారు మాత్రం ఆడుతూ ఉంటారు. ముప్పదియారుగురు చూస్తూ ఉంటారు. అవధాన సభలో అట్లు కాదు. అడిగేవాడు లేక అవధానం లేదు. చెప్పేవానికి ఎంత మర్యాదయో, అడిగేవానికీ అంతే. తరగతిలో ఏనాడు చేయి ఎత్తని బాలిక, "న లేకుండా నీ ఊరిని వర్ణించు" అని తరగతి మొదటివానిని నిలదీసి, వాడు తడబడుట చూచి నవ్వగలిగితే, ఆ నవ్వు కొరకైనను యాత్ర చేయవచ్చును.

చీకటిపడి బస్సు తిరిగి ప్రొద్దుటూరు చేరేసరికి సగం మంది నిద్రలో ఉంటారు. దిగబోయే ముందు అయ్యవారు మెల్లగా, "గంట ఎన్ని మారులు మ్రోగినది?" అని అడిగి చూడవలె. నిద్రమత్తులోనే ఎవరో ఒకరు సరియైన సంఖ్య చెబుతారు. మరునాడు తరగతిలో యాత్రను గూర్చి వ్యాసం వ్రాయుమన్నప్పుడు, "ఉదయమున బయలుదేరితిమి, సాయంకాలమునకు వచ్చితిమి" అని రెండు వాక్యాలతో ముగించే పిల్లలు అప్పుడు తక్కువగా ఉంటారు.