పాత స్వరం - కొత్త ఆట

పిల్లలూ! తెలిసిన పాటను ఈలవేసినా, వీణపై వాయించినా మీరు ఇట్టే పోల్చుకుంటారు. ఎందుచేత? వాయిద్యం మారినా స్వరాల వరుస మారదు గనుక.

1987లో జపానులో 'ఫైనల్ ఫాంటసీ' అనే వీడియో ఆట వెలువడింది. దాని సంగీతంలో ఒక్కసారిగా పలికే స్వరాలు మూడే! వాటితోనే నొబువో ఉఎమాట్సు మెట్లెక్కి దిగుతున్నట్లుండే ఒక వరుస కట్టాడు.

ఆ పేరుతో ఎన్నో ఆటలు వచ్చాయి. పద్నాలుగవది 2013లో కొత్తరూపు దాల్చింది. అందులో వేలాదిమంది తలా ఒక వేషం ధరించి, ఇంటర్నెట్ ద్వారా కలిసి ఆడతారు. అక్కడా ఆ మెట్ల వరుసే వినిపిస్తుంది. స్ఫటిక గోపురం ఘట్టంలో 1990 నాటి మూడవ ఆట బాణీలు కొత్త వాయిద్యాలతో పలుకుతాయి.

ఆనాడు ఆడిన బాలురు నేడు తండ్రులు. బిడ్డకు కొత్తగా తోచే స్వరం తండ్రికి చిన్ననాటి నేస్తం. మీరూ ఇంట్లో పెద్దలను వారి చిన్ననాటి పాట ఒకటి పాడమనండి, నేర్చుకోండి.