ట్రౌట్ చేపల గాలానికి ఒకే లైను: ఏది కొనాలి, ఎందుకు కొనాలి?

గత వేసవిలో నా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికాలోని డెన్వర్ నగరం నుండి ఫోను చేశాడు. "సార్, కర్ర కొన్నాను, రీలు కొన్నాను. లైను కోసం అంగడికి పోతే గోడ నిండా పెట్టెలే. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికట. నేను కొనగలిగేది ఒక్కటే. ఏటికీ చెరువుకూ, నీటిపైన తేలే ఈగకూ లోపల మునిగే ఈగకూ పనికివచ్చే లైను ఏదో చెప్పండి" అని అడిగాడు.

హోసూరు ప్రాంతంలో తెలుగు, తమిళ పాఠాలు చెప్పుకునే బడిపంతులుకు ట్రౌట్ వేట సంగతి ఏమి తెలుసునని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేను నీలగిరులలో పనిచేశాను. ఆంగ్లేయుల కాలంలో తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్ చేపలు అక్కడి వాగులలో, జలాశయాలలో ఉన్నాయి. వాటి పిల్లలను పెంచేందుకు అవలాంచిలో 20వ శతాబ్ది ఆరంభంలోనే ఒక కేంద్రం వెలసింది. తేయాకు తోటలో గుమాస్తాగా పనిచేసి విరమించిన మన తెలుగు పెద్దాయన ఒకరు నాకు ఈ విద్య నేర్పారు. తన పాత కర్రను కూడా ఇచ్చారు.

ఆ కర్ర అయిదో నంబరుది. నేను మాత్రం చవకగా వచ్చిందని ఎనిమిదో నంబరు లైను, అందునా నీట మునిగే రకం కొన్నాను. రెండు నెలల ఆదివారాలు దానితో కుస్తీ పట్టాను. లైను నా తలమీదనో, వెనుకనున్న పొదలమీదనో పడేది. తప్పు నా చేతిదేనని కుంగిపోయి, ఈ విద్య మనకు అబ్బదని కర్రను మూల పెట్టబోయాను. పెద్దాయన రీలు విప్పి చూసి, "అయ్యవారూ, ఎద్దును చూసి కాడి కట్టాలి గాని, కాడి చవకగా వచ్చిందని దూడ మెడకు కట్టవచ్చునా?" అన్నారు. ఆ మాట వెనుకనున్న శాస్త్రాన్నే ఇక్కడ వివరిస్తాను.

బరువంతా లైనులోనే

మన చెరువులలో వేసే గాలానికి ఎర ఉంటుంది, సీసపు గుండు ఉంటుంది. విసిరినప్పుడు ఆ బరువే దారాన్ని తన వెంట లాక్కొనిపోతుంది. ట్రౌట్ వేటలో ఎర స్థానంలో ఉండేది కృత్రిమమైన ఈగ. చిన్న కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు చుట్టి పురుగు రూపం తెస్తారు. దానికి బరువు దాదాపు శూన్యం. ఊదితే ఎగిరిపోయే వస్తువును 40 అడుగుల దూరం ఎలా విసరగలం? అందుకే బరువును లైనులోనే పెట్టారు. లైను బరువుకు కర్ర విల్లులా వంగి, తిరిగి నిటారుగా లేస్తూ లైనును ముందుకు పంపుతుంది. ఈగ దాని కొసన ప్రయాణిస్తుంది. లైను తేలికైతే కర్ర వంగదు. మరీ బరువైతే కర్ర వంగి లేవలేక కుంగిపోతుంది. నాకు జరిగింది ఈ రెండవదే.

నంబరు అంటే ఏమిటి?

పూర్వం లైనులను పట్టుతో పేనేవారు. వాటికి మైనం వంటి జిడ్డు పూయాలి, వేట ముగిశాక విప్పి ఆరబెట్టాలి. వాటి మందాన్ని ఆంగ్ల అక్షరాలతో సూచించేవారు. 1950లలో ప్లాస్టిక్ పూత లైనులు వచ్చాక మందానికీ బరువుకూ పొంతన లేకుండా పోయింది. ఆ చిక్కు తీర్చడానికి అమెరికాలోని పరికరాల తయారీదారుల సంఘం 1960ల ఆరంభంలో బరువును బట్టి నంబర్లు ఏర్పరచింది. లైను మొదటి 30 అడుగుల బరువే ఇందుకు ప్రమాణం. కొలత గ్రెయిన్లలో ఉంటుంది. ఒక గ్రెయిను మన కంసాలుల గురిగింజ ఎత్తులో ఇంచుమించు సగం.

ఆ పద్ధతిలో నాలుగో నంబరు 120 గ్రెయిన్లు, అయిదో నంబరు 140, ఆరో నంబరు 160, ఎనిమిదో నంబరు 210. అయిదో నంబరు బరువు గ్రాములలో సుమారు 9. నేను అయిదో నంబరు కర్రకు ఒకటిన్నర రెట్లు బరువు తగిలించానన్నమాట.

కర్ర మీద ఏ నంబరు ఉంటే ఆ నంబరు లైనే కొనాలన్నది మొదటి సూత్రం. ట్రౌట్ వేటకు తొమ్మిది అడుగుల అయిదో నంబరు కర్ర అన్నిటికీ మధ్యస్థమైనది. ఇరుకు వాగులకు నాలుగు, గాలి వీచే పెద్ద జలాశయాలకు ఆరు అనుకూలం.

ఇక్కడొక మెలిక ఉన్నది. నేటి కర్రలు బిరుసుగా ఉంటున్నందున, కొందరు తయారీదారులు అయిదో నంబరు పేరుతోనే అర నంబరు, ఒక నంబరు ఎక్కువ బరువున్న లైనులు అమ్ముతున్నారు. దగ్గరి దూరాలకు అవి బాగానే పనిచేస్తాయి గాని, మెత్తని కర్రకు భారమవుతాయి. పెట్టెమీద నంబరుతో తృప్తిపడక, గ్రెయిన్ల లెక్క ఎంత రాశారో చూడండి. 140కి దగ్గరగా ఉన్నదే నికరమైన అయిదు.

ఆకారం, తేలుడు

లైను పొడవునా ఒకే మందంలో ఉండదు. ముందు భాగంలో బరువు చేర్చి, వెనుక భాగాన్ని సన్నగా చేసినది ఒక రకం. దీనిని వెయిట్ ఫార్వర్డ్ అంటారు. రెండు కొసలూ సన్నగా ఉండి మధ్యలో లావుగా ఉండేది డబుల్ టేపర్. ఇది ఒక కొస అరిగితే తిప్పి రెండవ కొసను వాడుకోవచ్చు గనుక పొదుపరులకు ఇష్టమైనది. చిన్న వాగులో 30 అడుగుల లోపు విసిరేటప్పుడు రెండింటికీ పెద్ద తేడా తెలియదు. దూరం పెరిగినప్పుడు, ఎదురుగాలి వీచినప్పుడు మాత్రం మొదటి రకం సులువు. బరువైన ముందు భాగం సన్నని వెనుక భాగాన్ని తేలికగా లాక్కొనిపోతుంది. అన్నిటికీ ఒకటే కావాలనుకునేవారు దీనినే ఎంచుకోవాలి. కొస క్రమంగా, నిడివిగా సన్నబడేదైతే ఈగ నీటిపై చప్పుడు లేకుండా వాలుతుంది.

ఇక తేలే రకమా, మునిగే రకమా? ట్రౌట్ తన తిండిలో ఎక్కువ భాగం నీటి లోపలనే తింటుంది. అలాగైతే మునిగే లైనే కొనాలి గదా అని నేను పొరబడ్డాను. నిజానికి తేలే లైనుకు తొమ్మిది అడుగుల సన్నని నైలాన్ దారం, అనగా లీడర్, కట్టి బరువైన ఈగ తగిలిస్తే అది నాలుగైదు అడుగుల లోతుకు దిగగలదు. వాగులలో అంతకన్న లోతు అరుదుగా కావాలి. అదే లైనుకు తేలికైన ఈగ కడితే నీటిపైన ఆడుతుంది. పైగా తేలే లైను ప్రవాహానికి కొట్టుకుపోతుంటే కర్ర కొసతో ఎత్తి పక్కకు వేసి సరిదిద్దవచ్చు. మునిగిన లైనుతో ఆ పని సాధ్యం కాదు.

కాబట్టి నా విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇది: వెయిట్ ఫార్వర్డ్, అయిదో నంబరు, తేలే రకం. పెట్టెమీద దీనిని డబ్ల్యూఎఫ్–5–ఎఫ్ అని రాస్తారు. లైను మార్చకుండా లీడర్లు మార్చుకో అన్నాను. వాటి ఖర్చు స్వల్పం. మునిగే లీడర్ ఒకటి సంచిలో ఉంచుకుంటే మరికొంత లోతు కూడా అందుతుంది.

ఒక్కటే చాలదనిపించే చోటు

ఈ సలహాకు హద్దు కూడా చెప్పాలి. లోతైన జలాశయంలో, వేసవి మధ్యాహ్నం పైనీరు వేడెక్కినప్పుడు ట్రౌట్ అడుగుకు దిగుతుంది. అక్కడికి తేలే లైను చాలదు. మూడో రకం మునిగే లైను సెకనుకు సుమారు మూడు అంగుళాలు దిగుతుంది. అంటే ఆరు అడుగులకు 24 సెకన్లు. ఇలా లెక్కపెట్టుకుంటూ చేప ఉన్న లోతును వెదకవచ్చు. తరచుగా జలాశయాలకే పోయేవారు రెండవ లైనుగా దీనిని కొనుక్కోవచ్చు. మొదటిదిగా మాత్రం వద్దు.

సంరక్షణ

లైను పూత మీద మురికి పేరుకుంటే కొస మునగడం మొదలవుతుంది. గోరువెచ్చని సబ్బునీటితో తుడిచి, మంచినీటితో కడిగితే చాలు. దోమల మందులలో ఉండే డీట్ అనే రసాయనం ఈ పూతను పాడుచేస్తుంది. అది పూసుకున్న చేతులతో లైనును తాకరాదు. ఎండలో నిలిపిన కారులో రీలును వదలరాదు. మరొక మాట: సముద్రపు వేటకని అమ్మే ఉష్ణప్రాంతపు లైనులు చన్నీటిలో తీగలా బిగుసుకుపోతాయి. ట్రౌట్ ఉండేది చన్నీటిలోనే గనుక చవకగా వచ్చినా వాటి జోలికి పోవద్దు.

వేటకు ముందు స్థానిక నిబంధనలు కనుక్కోవడం మరువవద్దు. నీలగిరులలో కొన్ని జలాశయాలు రక్షిత అడవులలో ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లో చేప గుడ్లు పెట్టే కాలమైన నవంబరు నుండి ఫిబ్రవరి చివరివరకు ట్రౌట్ వేట నిషిద్ధం. కొలరాడోలో లైసెన్సు తప్పనిసరి.

నా విద్యార్థి సౌత్ ప్లాట్ నదిలో నాలుగో ఆదివారం ఒక బ్రౌన్ ట్రౌట్‌ను పట్టి, తిరిగి నీటిలో వదిలి, ఆ సంగతి నాకు రాశాడు. మొదటి మూడు ఆదివారాలూ ఏమీ పడలేదట. అయినా లైను మాత్రం చెప్పిన చోటికే పోయిందట. కొత్తవాడికి కావలసిన ధైర్యం అదే. పరికరం సరైనదైతే తప్పు ఎక్కడున్నదో చేతికి తెలుస్తుంది, తెలిస్తే దిద్దుకోవచ్చు. పొంతన లేని పరికరం, నేర్చుకోగలవాణ్ని కూడా చేతకానివాణ్నని నమ్మిస్తుంది. పెద్దాయన ఆనాడు రీలు విప్పి చూడకపోతే నేనూ అలాగే నమ్మి ఉండేవాణ్ని.