ఓర్పుకు శరీరం చెల్లించే ఖర్చు: పత్తి పురుగు, చెరువు రొయ్య

పల్నాడు జిల్లాలో సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ల వెళ్లే దారిలో ఉన్న రాజుపాలెం మండలంలో పత్తి, మిరప ప్రధానమైన వాణిజ్య పంటలు కాగా, ఒకప్పుడు దీనితో పాటే గుంటూరు జిల్లాలో భాగమై ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన నిజాంపట్నం, రేపల్లె ప్రాంతాల్లో రొయ్యల చెరువులు విస్తరించి ఉన్నాయి. పత్తికాయలో దాగే గులాబీ రంగు పురుగుకూ చెరువులో పెరిగే రొయ్యకూ పైకి ఏ పోలికా కనిపించదు గాని, జంతుశాస్త్రం ఈ రెండింటినీ సంధిపాద జీవులన్న ఒకే వర్గంలో చేర్చింది. రెండింటికీ వెన్నెముక లేదు. ఒంటిపై గట్టి కవచం ఉంటుంది. పెరగాలంటే ఆ కవచాన్ని విడిచి కొత్తది తొడుక్కోవాలి. ఆ పనిని రెండింటిలోనూ ఎక్డైసోన్ వర్గానికి చెందిన హార్మోన్లే నడిపిస్తాయి. ఎండ, ఉప్పు, విషం, నీటి కరువు వంటి ఒత్తిళ్లు ఎదురైనప్పుడు వీటి శరీరాలు చేసుకునే సర్దుబాట్లు ఎంత అద్భుతమైనవైనా ఉచితంగా రావు, ప్రతి సర్దుబాటుకూ శక్తి ఖర్చవుతుంది. పత్తి రైతు ఆ ఖర్చును పురుగు భరించలేనంతగా పెంచాలి, రొయ్యల రైతు దాన్ని వీలైనంత తగ్గించాలి.

ముందుగా వేడి సంగతి. వేసవి వార్తల్లో ఎండకు పేరుమోసిన రెంటచింతల ఈ జిల్లాలోనిదే. కీటకానికి మనలాగా శరీర ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచుకునే ఏర్పాటు లేనందువల్ల, చుట్టూ వేడెక్కిన కొద్దీ దాని ఒళ్లూ వేడెక్కి, కణాల్లో నిర్దిష్టమైన ఆకారంలో ముడుచుకుని ఉండే ప్రొటీన్లు ఆకారం చెడి ఒకదానికొకటి అంటుకుపోయే ప్రమాదం ఏర్పడుతుంది. అప్పుడు కణం తన మామూలు పనుల్లో చాలావాటిని తగ్గించుకుని, చెడిన ప్రొటీన్లను పట్టుకుని తిరిగి సరైన ఆకారానికి తెచ్చే ప్రత్యేక ప్రొటీన్లను హడావుడిగా తయారు చేస్తుంది. వీటిని ఉష్ణఘాత ప్రొటీన్లంటారు. ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచ్చియో రిటోసా పండ్ల ఈగల్లో వేడి తగిలినప్పుడు కొన్ని జన్యువులు మేల్కొంటాయని 1962లో ప్రకటించడంతో మొదలైన ఈ పరిశోధన, రొయ్యలు, ఆల్చిప్పలు మొదలుకొని మనిషి వరకు దాదాపు అన్ని జీవుల్లోనూ ఇదే రక్షణ ఉందని తేల్చింది. ఇక నీటి విషయానికి వస్తే, కవచంపై మైనం పూత, అవసరమైనప్పుడు మూసుకోగల శ్వాసరంధ్రాలు, మలంలోని నీటిని చివరి బొట్టు వరకు తిరిగి పీల్చుకునే పురీషనాళం కీటకాన్ని ఎండ నుంచి కాపాడతాయి.

ఈ ప్రాంతపు పత్తి రైతు తప్పక తెలుసుకోవలసిన సర్దుబాటు మాత్రం గులాబీ రంగు పురుగు నిద్రావస్థ. లేతకాయపై, పూవుపై తల్లిరెక్కల పురుగు గుడ్లు పెట్టగా, వాటి నుంచి వచ్చిన సన్నని తెల్లని పిల్లపురుగు కొద్ది గంటల్లోనే కాయలోకి దూరుతుంది. అది చేసిన రంధ్రం కాయ పెరిగే కొద్దీ పూడిపోతుంది కనుక బయటి నుంచి చూసేవారికి కాయ నిక్షేపంగా ఉన్నట్లే తోస్తుంది, కొట్టిన మందు లోపలి పురుగును చేరదు. గింజ తరువాత గింజను తొలిచి తింటూ పురుగు గులాబీ రంగు తిరుగుతుంది. వాతావరణం అనుకూలంగా ఉంటే అది కాయను వీడి నేలపై కోశస్థ దశకు చేరి, సుమారు నెల రోజుల్లో మరో తరానికి దారి తీస్తుంది.

అయితే పగటి వేళ కురచబడి, రాత్రులు చల్లబడి, తినే గింజ ముదిరి నూనె పట్టే కాలానికి పురుగు శరీరం ఈ మూడు సూచనలనూ కలిపి గ్రహించి వేరే దారి పడుతుంది. మెదడు నుంచి వెలువడవలసిన హార్మోన్ ఆగిపోవడంతో ఎక్డైసోన్ ఊరదు, పురుగు కోశస్థ దశలోకి మారదు. నూనె గింజ తిని కొవ్వు కణజాలంలో నిల్వ చేసుకున్న శక్తితో, ఒక సెంటీమీటరుకు కొంచెం మించిన ఆ పురుగు ఒకదానికొకటి అతుక్కున్న జంట గింజల మధ్యనో, ఎండుకాయలోనో, నేలపై రాలిన చెత్తలోనో పలుచని గూడు అల్లుకుని నెలల తరబడి కదలక పడి ఉంటుంది. ఆ దశలో అది ఆక్సిజన్ వాడకాన్నీ జీవక్రియల వేగాన్నీ బాగా తగ్గించుకుంటుంది. ఇది చలికి మొద్దుబారడం వంటిది కాదు, చలి రాకముందే శరీరం చేసుకున్న ఏర్పాటు. చలి అంతగా ఉండని మన ప్రాంతంలో పురుగులన్నీ ఈ నిద్రలోకి వెళ్లవు. జనవరి దాటినా చేలో పచ్చటి కాయ కనిపిస్తే చాలామట్టుకు తింటూ, గుడ్లు పెడుతూ తరాలు పెంచుకుంటూనే పోతాయి. అందువల్ల పంటను పొడిగించిన రైతు చేను నిద్రపోయిన పురుగుకు పడకగానూ, మేల్కొన్న పురుగుకు భోజనంగానూ రెండు విధాలా ఉపయోగపడుతుంది.

విషాన్ని ఓర్చుకునే తీరు వేరు. 1980ల మొదట్లో దేశంలోకి వచ్చిన పైరిథ్రాయిడ్ మందులు శనగపచ్చ పురుగును తొలుత బాగానే అదుపు చేసినా, వాటినే పదే పదే కొట్టడం వల్ల 1987-88 పంటకాలానికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అవి పనిచేయకుండా పోయాయి. పత్తి దెబ్బతిని, అప్పుల్లో కూరుకుపోయిన రైతులు ఆత్మహత్యలకు పాల్పడిన ఆ ఏడు తెలుగు నేల మరువదగినది కాదు. పురుగు శరీరంలో సైటోక్రోమ్ పీ-450 అనే ఎంజైముల కుటుంబం ఉంటుంది. మొక్కల్లో సహజంగా ఉండే విషాలను విరిచి పారవేయడానికి ఏర్పడిన ఈ ఎంజైములే మనం కొట్టిన మందునూ విరిచివేస్తాయి. మందు ఈ శక్తిని పుట్టించదు. లక్షల పురుగుల్లో ఏ కొన్నింటికో ముందు నుంచే ఉన్న సామర్థ్యాన్ని, మిగిలినవాటిని చంపడం ద్వారా, ఏరి పెంచుతుంది. బాధ్యత రైతు అజ్ఞానానిదని తేల్చివేయడం అన్యాయం, ఎందుకంటే ఆ రోజుల్లో పొలానికి చేరిన సలహా ఎక్కువగా మందుల దుకాణం నుంచి వచ్చినదే.

2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కథా ఇదే దారిన నడిచింది. నేలలోని ఒక బాక్టీరియా జన్యువును చేర్చడం వల్ల మొక్కలో తయారయ్యే క్రై ప్రొటీన్, పురుగు పేగు కణాలపై ఉన్న క్యాధరిన్ అనే గ్రాహకానికి అతుక్కుని పేగుకు చిల్లులు పొడుస్తుంది. గ్రాహకం ఆకృతి మారిన పురుగులో ఆ ప్రొటీన్ అతుక్కోలేక పోతుంది. గులాబీ రంగు పురుగు మొదటి క్రై ప్రొటీన్‌ను తట్టుకున్నట్లు 2010లో గుజరాత్ నుంచి వార్త వెలువడగా, రెండు ప్రొటీన్లున్న విత్తనాన్ని 2006 నుంచే వాడుతున్నా ఆ తరువాతి కొన్నేళ్లలోనే దాన్నీ అది దాటేసింది. బీటీ చేను చుట్టూ బీటీ కాని పత్తి వరుసలు వేయించి, తట్టుకోలేని పురుగులను బతకనిచ్చి, వాటితో తట్టుకునే పురుగులు జతకట్టేలా చేయాలన్నది మొదటి పథకం. విత్తన సంచితో పాటు ఇచ్చిన ఆ చిన్న పొట్లం మన చేలలో చాలాచోట్ల విత్తకుండానే మిగిలిపోయింది. అదే సూత్రాన్ని శ్రద్ధగా పాటిస్తూ, వంధ్యమైన రెక్కల పురుగులను గాలిలోకి వదలడం వంటి చర్యలనూ జోడించిన అమెరికా, తన పత్తి ప్రాంతాల నుంచి ఈ పురుగును నిర్మూలించినట్లు 2018 అక్టోబరులో ప్రకటించింది. అరిజోనాలో 2001లో వెలువడిన పరిశోధన మరో సంగతిని బయటపెట్టింది: బీటీని తట్టుకునే పురుగుల్లో చలికాలపు నిద్రను దాటి బతికి వచ్చేవి మామూలు పురుగుల కంటే తక్కువ. విషాన్ని తట్టుకోవడానికి శరీరం చెల్లించిన మూల్యం నిద్రావస్థలో బయటపడుతుందన్న మాట. ఆ నిద్రకు చోటే లేకుండా చేయడం అందుకే బలమైన దెబ్బ.

తీరంలో సమస్య తలకిందులవుతుంది, అక్కడ రైతు ప్రాణి బతకాలని కోరుకుంటాడు. 2009లో వాణిజ్య సాగుకు అనుమతి లభించిన వెనామీ రొయ్య దాదాపు మంచినీటి నుంచి సముద్రం కన్నా ఉప్పైన నీటి దాకా బతకగలదు. దాని రక్తపు గాఢతకు సరితూగే నీరు లీటరుకు సుమారు 25 గ్రాముల ఉప్పు ఉన్నది. అక్కడ శరీరానికి శ్రమ అతి తక్కువ. చెరువు నీటిలో ఉప్పు అంతకంటే తగ్గితే నీరు మొప్పల గుండా లోపలికి చొచ్చుకొస్తుంది, ఉప్పు బయటికి జారుకుంటుంది. అప్పుడు మొప్ప కణాల్లోని సోడియం-పొటాషియం పంపులు రాత్రింబవళ్లు పనిచేసి ఉప్పును లాగుకోవాలి. పొటాషియం తక్కువగా ఉండే బోరునీటి చెరువుల్లో ఆ పంపులు మొరాయించి, రొయ్య బలహీనపడి గుల్ల మెత్తబడుతుంది. అందుకే రైతులు మినరల్స్ చల్లుతారు. పెద్ద వాన పడి ఉప్పుదనం హఠాత్తుగా పడిపోయినప్పుడు, అమావాస్య, పౌర్ణముల చుట్టూ గుల్ల విడిచే రొయ్యలు ఎక్కువైనప్పుడు ఈ భారం ఇంకా పెరుగుతుంది. గుల్ల విడిచిన రొయ్యకు ఆక్సిజన్ అవసరం హెచ్చు. దాని రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది రాగితో కూడిన హీమోసయానిన్, కనుకనే ఆక్సిజన్ నిండిన రొయ్య రక్తం నీలిరంగు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుండగా ప్రాణి అవసరం మాత్రం పెరుగుతుంది, చెరువులో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామున. ఆ వేళలో ఏరియేటర్లను ఆపకుండా తిప్పడం రొయ్య శరీరం ఖర్చును రైతు తన కరెంటు బిల్లుతో పంచుకోవడమే. 1994-95లో తీరాన్ని ముంచిన తెల్లమచ్చల వైరస్ వంటి వ్యాధులు ఒత్తిడిలో ఉన్న రొయ్యను తేలిగ్గా లోబరుచుకుంటాయి.

హేచరీల్లో రొయ్య పిల్లలకు మేతగా ఇచ్చే ఆర్టీమియా సంగతి ఇంకా విచిత్రం. ఉప్పు సరస్సుల్లో ఉండే ఈ చిన్న ప్రాణి గుడ్లు ట్రెహలోజ్ అనే చక్కెరను కణాల్లో నింపుకుని పూర్తిగా ఎండిపోయి డబ్బాల్లో ఏళ్ల తరబడి ఉండగలవు. ఉప్పునీళ్లలో వేస్తే ఒకట్రెండు రోజుల్లోనే పగిలి పిల్లలు బయటికొచ్చి ఈదుతాయి.

తిరిగి పత్తి చేనుకు వస్తే, రాజుపాలెం మండల రైతులు చేయవలసిన పని ఖరీదైనది కాదు. లింగాకర్షక బుట్టల్లో ఒక్కోదానిలో రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడితేనే మందు గురించి ఆలోచించి, వాడే మందును మార్చి మార్చి వాడుతూ, డిసెంబరు చివరికి, ఆలస్యమైతే జనవరిలో పత్తిని ముగించి, పత్తికట్టెను గట్లపై, ఇళ్ల దగ్గర కుప్పలు వేయక యంత్రంతో ముక్కలు చేసి నేలలో కలియదున్నాలి. ఒక్కరు చేస్తే పొరుగు చేను నుంచి రెక్కల పురుగు వచ్చిపడుతుంది కనుక, జిన్నింగ్ మిల్లుల ఆవరణలతో సహా, ఊళ్లూ మండలమూ ఒకేసారి చేయాలి.